క్రీడారంగమునందలి యజ్ఞాత సేవకులు

మహాభారతమునందలి యాదిపర్వమున నొక ఘట్టము కలదు. కురుపాండవ కుమారుల విద్యాభ్యాసము ముగిసిన పిమ్మట వారి యస్త్రకౌశలమును ప్రజలకు జూపవలెనని ద్రోణుడు ధృతరాష్ట్రుని యనుమతి పొందెను. అంత నా యాచార్యుడు చెట్లును పొదలును లేని సమతలమైన నేలను గొలిచెను. శిల్పులు రాజునకును స్త్రీజనమునకును ప్రేక్షాగారమును గట్టిరి. ఆనాడు అర్జునుడు చూపిన నేర్పును, కర్ణుని ప్రవేశమును, కృపాచార్యుడు వాని వంశమడిగిన తీరును మనలో నెఱుగనివారు లేరు. కాని యా నేలమీది రాళ్లను ఏరినవారెవరు? నీరు చల్లి దుమ్మణచినవారెవరు? వ్యాసుడు చెప్పలేదు, వేలయేండ్లుగా వినుచున్న మనమును అడుగలేదు. ఈ యడుగకపోవుటను గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

ఇట్లు వ్రాయుటకు నాకుగల యధికారము పాండిత్యము వలన వచ్చినది గాదు, ఒక తప్పు వలన వచ్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయు పాఠశాలలో క్రీడోత్సవము జరిగెను. బహుమతి ప్రదానసభలో చదువవలసిన కృతజ్ఞతల పట్టికను వ్రాసినవాడను నేనే. అందు పందిరి వేయించిన దాత పేరుండెను. అధ్యక్షుని వెంట వచ్చిన పెద్దమనుష్యుల పేర్లుండెను. పూలదండలు పంపిన యంగడివాని పేరును ఉండెను. వేకువజామున లేచి సున్నముతో పరుగుపందెపు గీతలు గీచి, కబడ్డీ యాడు చోట మట్టి త్రవ్వి మెత్తజేసి, మోకాలు చిట్లిన పిల్లవానిని తన సైకిలుపై నాసుపత్రికి చేర్చిన మా యూరి వృద్ధుని పేరు మాత్రము లేదు. అతడు పాఠశాల యుద్యోగి కాడు; ఏనాడును ఒక కానియైన పుచ్చుకొని యెఱుగడు. సభ ముగిసిన తరువాత అతడు కుర్చీలు పేర్చుచు నాకు గనబడెను. నేను సిగ్గుపడి నా పొరపాటు చెప్పుకొనగా, “దానికేముంది మాస్టారూ, వాన వచ్చేటట్టుంది, ముందా వలలు లోపల పెట్టిద్దాం రండి” అనెను. అతని కది ఏమియు గాకపోవచ్చును. నాకు మాత్రము నాటినుండి చరిత్రగ్రంథములు చదువునప్పుడెల్ల నా కృతజ్ఞతల పట్టికయే జ్ఞప్తికి వచ్చుచున్నది. చరిత్రయును చాలవఱకట్టి పట్టికయే గదా!

ఆటలకు తోడ్పడినవారిని గౌరవించుట క్రొత్త యాచారము గాదు. ప్రాచీన గ్రీకుల పట్టణములలో వ్యాయామశాల లేనిది పట్టణమే గాదని యెన్నుచుండిరి. దాని పాలకుని ‘జిమ్నాసియార్కు’ అనుచుండిరి. యువకులు వ్యాయామము చేయునపుడు ఒడలికి నూనె రాచుకొనుట వారి యలవాటు. ఆ నూనె వ్యయము మిక్కిలి పెద్దది. పట్టణపు నిధి చాలనప్పుడు పాలకుడే తన సొమ్ముతో నూనె పోయించుచుండెను. అట్టివానికి పౌరులు కిరీటము పెట్టి, పాలరాతిపై శాసనము చెక్కించి, కంచువిగ్రహమును నిలుపుటయు గలదు. హెల్లెస్పాంటు తీరమునందలి సెస్టోసు పట్టణమున క్రీ. పూ. 2వ శతాబ్దపు చివరిభాగమున మేనాసు అను పౌరుని గౌరవించుచు చెక్కిన శాసనము నేటికిని నిలిచియున్నది. అందొక వింత కలదు. పౌరులు వానికి విగ్రహము నెత్తింపదలచిరి గాని ధనాగారమున ధనము కొఱవడెను. అందుచేత నా విగ్రహవ్యయమును గూడ మేనాసే భరించుట కేర్పాటయ్యెను. సన్మానింపబడువాడే సన్మానపు ఖర్చు పెట్టుకొనుట నేటి సభలకు మాత్రమే చెల్లిన విద్య గాదని దీనివలన తెలియుచున్నది.

నవ్వుకొనదగినదే యైనను, ఆ గ్రీకు రాళ్లు మనకు రెండు సంగతులు చెప్పుచున్నవి. మొదటిది మంచిది: ఆటలు నడచుట కొకరు పూనుకొనవలెననియు, పూనుకొన్నవాని పేరు నిలుపుట పట్టణపు బాధ్యత యనియు వారెఱిగిరి. రెండవది మంచిది గాదు: వారు నిలిపినది ధనవంతుల పేర్లు. మాసిడోనియా దేశమునందలి బెరోయా పట్టణపు వ్యాయామశాల శాసనము, క్రీ. పూ. 2వ శతాబ్దమునాటిది, మనకు లభించినది. ఎవరెవ రచట వస్త్రము విప్పి వ్యాయామము చేయగూడదో యందు వ్రాసియున్నది. బానిసలు కూడదు, విముక్తులైన బానిసలును వారి కొడుకులును కూడదు, అంగడివీథిలో వృత్తి చేసికొని బ్రతుకువారు కూడదు. నూనె కొనినవాని పేరు పాలరాతిపై నున్నది. నూనెజాడీ మోసిన బానిసకు ఆ నేలపై నాడు హక్కే లేదు. గౌరవించుట యను మంచిపని, ఎవరిని లెక్కింతుము అను ప్రశ్న నడుగనిచో, అన్యాయమునకు అందమైన మూతగా నుపయోగపడును.

మన దేశమున వ్యాయామశాలలకు కొఱత లేదు. ఉత్తరమున అఖాడాలు, దక్కనున తాలీంఖానాలు, మన జిల్లాలలో గరిడీలు చిరకాలము వర్ధిల్లినవి. ఎఱ్ఱమట్టిని జల్లించి, నూనె కలిపి, దినదినము త్రవ్వి మెత్తగా నుంచుట యొక కళ. ఆ పనియంతయు గురువును శిష్యులును చేసికొనునదే గాని జీతపుబంట్లు చేయునది గాదు. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగ నుండి, పిమ్మట సర్కసు బలప్రదర్శనములచే దేశవిదేశములలో ఖ్యాతిగాంచి 1942లో దివంగతుడైన కోడి రామమూర్తినాయుడుగారు అట్టి సంప్రదాయమునుండి వచ్చినవారే. అయినను మనము గరిడీని గూర్చి గర్వించునప్పుడు నిజమును దాచరాదు. అనేక స్థలములలో గరిడీ యే వాడలోనిదో ఆ వాడవారికే దాని మన్ను దక్కెను. స్త్రీలకు దాని గుమ్మమే తెలియదు. కర్ణుని వంశమడిగిన కృపాచార్యుని ప్రశ్న మన గరిడీ గుమ్మములకడ బహుకాలము వినవచ్చుచునేయుండెను.

ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున నీ స్థితి మారనారంభించెను. 1914లో అమరావతి పట్టణమున వైద్య సోదరులు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలిని స్థాపించిరి. ఆ మండలికి జెందిన జట్టు 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున మన దేశీయ వ్యాయామములను, కబడ్డీతో గూడ, ప్రదర్శించి వచ్చెను. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు చెన్నపట్టణమున వై. ఎం. సి. ఏ. పక్షమున వ్యాయామోపాధ్యాయుల కళాశాలను నెలకొల్పెను. 1924 పారిసు ఒలింపిక్సునకు బోయిన భారతీయుల జట్టునకు శిక్షకుడాయనయే. అంతకు ముందు 1920లో ఆంట్వర్పు నగరమునకు మనవారిని పంపుటకు దొరాబ్జీ టాటాగారు తమ ధనమును వెచ్చించిరి. ధనికుని ధనము, విదేశీయుని శ్రద్ధ, ఇద్దఱు సోదరుల పట్టుదల: మన దేశపు ఆధునిక క్రీడావ్యవస్థకు తొలి పునాది సర్కారు వేసినది గాదు, ఇట్టి స్వచ్ఛందులు వేసినది.

‘వాలంటీరు’ అను మాట మన తెనుగుదేశమున ఇంటింటను వినబడినదియు నా కాలమందే. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు జనసమూహమును క్రమమున నుంచెను. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఎన్. ఎస్. హర్డీకరుగారి నాయకత్వమున హిందూస్థానీ సేవాదళము ఏర్పడి యువకులకు వ్యాయామశిక్షణమును గఱపెను. జీతము లేక, ఆజ్ఞకు లోబడి, పేరు కోరక పనిచేయుట గౌరవప్రదమైన ధర్మమని మనవారికి నేర్పినది రాజకీయోద్యమమే. ఆ ధర్మము స్వరాజ్యము వచ్చిన తరువాత నెచటికి బోయినది? కొంత ఎన్నికలకు బోయినది. కొంత, ఎవరి దృష్టికిని రాక, ఆటస్థలములకు బోయినది.

ఈ విషయమున హైదరాబాదు నగరపు టుపాధ్యాయుని చరిత్ర మనము తప్పక తెలిసికొనవలసినది. సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909లో జన్మించిరి. పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుట వారి వృత్తి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, తుదివఱకు ఆ భారమును మోసిరి. పిల్లలకు కాలికి బంతి యంటిపెట్టుకొనుట మాన్పి సహచరునకందించుట నేర్పవలెనని, బంతిని వెంటబెట్టుకొని పరుగిడుట నిషేధించిన పోటీలను నడపిరి. బలహీనమైన కాలితోడనే యాడవలెనను నియమముతో పోటీలు పెట్టిరి. ఇది గొప్ప స్టేడియములలో జరిగిన పని గాదు, నగరపు వాడలలోని ఖాళీస్థలములలో జరిగిన పని. సికిందరాబాదు వాడయైన తులసీదాసు బలరాముడను పేద కుఱ్ఱవానికి హైదరాబాదు వచ్చి సాధన చేయుటకు దారిఖర్చు లేకపోగా, సైకిలు బాడుగకు రహీముగారే డబ్బిచ్చిరని చెప్పుదురు. ఆ కుఱ్ఱవాడు తరువాత రెండు ఒలింపిక్సులలో మన దేశము పక్షమున నాడెను.

ఫలితము లోకవిదితమే. రహీముగారు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. వారు శిక్షకులుగానున్న భారతదేశపు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలయందు స్వర్ణపతకములను సాధించెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము నందెను. అంతదూరము బోయిన ఆసియా జట్టు అంతకుముందు లేదు. జకార్తాకు బోవునాటికే వారిని క్యాన్సరు వ్యాధి బాధించుచుండెను. 1963 జూను నెలలో కన్నుమూసిరి.

ఇపుడు సంవత్సరములను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. ఆటగాండ్ర కొఱకు అర్జున పురస్కారమును సర్కారు 1961లో నెలకొల్పెను. శిక్షకుల కొఱకు ద్రోణాచార్య పురస్కారము 1985లో వచ్చెను. నడుమ నిరువదినాలుగేండ్లు. పి. టి. ఉషకు గురువైన ఓ. ఎం. నంబియారుగారు మొదటి యేటనే దానిని పొందిరి. రహీముగారు పోయి యప్పటి కిరువదిరెండేండ్లయ్యెను. వారిని గూర్చి దేశమంతయు మాటలాడుకొనునట్లు చేసినది 2024లో వచ్చిన ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము. శిష్యునకు బహుమానము తెచ్చుట తెలిసిన దేశమునకు, గురువునకొకటి యుండవలెనని తోచుటకు కాలు శతాబ్దము పట్టెను. గురువుకంటెను క్రిందనుండు సేవకుని వంతు వచ్చుట కింకెంత కాలము పట్టునో!

కొంత ప్రయత్నము జరుగలేదని నేననను. ఆటనుండి విరమించిన పిమ్మటను క్రీడాభివృద్ధికి పాటుపడినవారి కొఱకు 2002లో ధ్యానచంద్ పురస్కారమేర్పడెను. 2024లో దాని స్థానమున అర్జున జీవితసాఫల్య పురస్కారము వచ్చెను. 2009లో రాష్ట్రీయ ఖేల్ ప్రోత్సాహన పురస్కారమేర్పడినది. ఇది ముఖ్యముగ కంపెనీలకును, సంస్థలకును ఇచ్చునది. ద్రోణాచార్య పురస్కారమునకు శిష్యులు అంతర్జాతీయ పోటీలలో గడించిన పతకములే ముఖ్యమైన కొలత. పతకమును కొలతగా బెట్టుట తప్పుగాదు. కాని ఆ కొలబద్ద పల్లెయాటస్థలము నంటదు. నూఱుమంది పిల్లలను ఇరువదియేండ్లు సాయంకాలము మైదానమున నాడించినవాని శిష్యులలో నొకడును పతకము తేకపోవచ్చును. నూఱుమందియు ఆరోగ్యవంతులై, ఓటమిని సహింపనేర్చినవారై, తమకంటె తక్కువవాడని యెంచినవానితో కలిసి బంతి పంచుకొననేర్చినవారై యుండవచ్చును. ఈ ఫలమును కొలుచు పురస్కార మేది?

ఇచట సంస్కృతము చదువుకొన్నవానిగా నింకొక మాట చెప్పక తప్పదు. శిక్షకులకిచ్చు బహుమానమునకు మనము ద్రోణుని పేరు పెట్టితిమి. విద్యకోరి వచ్చిన నిషాదపుత్రుని కాదని పంపినవాడును, వాడు స్వయముగ నేర్చుకొనగా బొటనవ్రేలడిగినవాడును ఆ ద్రోణుడే. పేరు మార్చుడని నేను కోరుట లేదు. రహీముగారు సైకిలుబాడుగ యిచ్చి పేదబాలుని పిలిపించుకొనిరి. ద్రోణుడు వచ్చినవానిని మఱలించెను. వీరిద్దఱిలో నెవరి మార్గము మన యాటస్థలములకు కావలెనో చదువరులే నిర్ణయింపగలరు.

ఇతరదేశములలో నేమి చేసిరో చూతము. 2000 సంవత్సరమున సిడ్నీ నగరమున ఒలింపిక్సు జరిగినవి. వేలకొలది స్వయంసేవకులు దారి చూపిరి, నీరందించిరి, భాష తెలియనివారికి తోడుపడిరి. క్రీడలు ముగిసిన పిమ్మట ప్రధానక్రీడారంగపు చెంత స్తంభముల వరుసలు నిలిపి వారి పేర్లను వానిపై వ్రాయించిరి. గ్రీకుల పాలరాయి ధనవంతుని పేరు మోసెను. సిడ్నీ స్తంభములు నీళ్లందించినవారి పేర్లను మోయుచున్నవి. రెండువేల యేండ్లలో మానవజాతి నేర్చుకొన్నది కొంతయైన గలదని సంతోషింపవచ్చును. అదే సిడ్నీలో శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు జెందిన కరణం మల్లీశ్వరి 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్సున పతకము పొందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. గరిడీ గుమ్మము తెలియని స్త్రీజాతికి ఆ గుమ్మమును దెఱచినది రాజధానిలోని స్టేడియము గాదు. నీలంశెట్టి అప్పన్నగారు శిక్షణ మిచ్చిన పల్లెవ్యాయామశాల.

ఇంకొక యుదాహరణము చిన్నదైనను నాకు మిక్కిలి నచ్చినది. 2004 అక్టోబరులో లండనునందలి బుషీ పార్కున పదుముగ్గురు మనుష్యులు ఒక శనివారముదయము అయిదు కిలోమీటర్లు పరుగెత్తిరి. కాలము వ్రాసికొనుటకు కొందఱు మిత్రులు నిలిచిరి. నేడు ‘పార్క్‌రన్’ అను పేర నది యనేక దేశములకు వ్యాపించినది. పాల్గొనువారు రుసుము చెల్లింపనక్కఱలేదు. వారివారి యూళ్ల స్వచ్ఛందులే దానిని నడుపుదురు. ఇరువదియైదు మార్లు సేవచేసినవారికి ఊదారంగు చొక్కాను ధరించు నర్హత కలుగును. దాని వెల స్వల్పమే. కాని అది తొడిగికొని వచ్చినవానిని చూచి, పరుగెత్తువారందఱును వీడు మనకొఱకు చలిలో నిలిచినవాడని గుర్తింతురు. గుర్తించుట కెన్నడును ధనము చాలకపోలేదు. చూచుటకు మనకు కన్ను చాలలేదు.

ఇందుకు పెద్దలు చేయు నాక్షేపణ నే నెఱుగుదును. ఫలాపేక్ష లేని కర్మమే శ్రేష్ఠమని మన శాస్త్రములు చెప్పుచుండగా, సేవకునకు శాలువ కప్పి వాని సేవను చెఱచుట యేల యని యందురు. ఫలమును కోరకుండుట చేయువాని ధర్మము. కృతజ్ఞత చూపుట పొందినవాని ధర్మము. మొదటివాని వైరాగ్యమును రెండవవాడు తన బద్ధకమునకు సాకుగా వాడుకొనరాదు. మా వృద్ధుడు “దానికేముంది” యనుట యాతని గొప్పతనము. “అవును, దానికేముంది” యని నేనూరకుండుట నా యల్పత్వము.

మఱియొక యాక్షేపణ కలదు. ఇట్టి సన్మానములు త్వరలో సిఫారసుల పాలై, పనిచేసినవానిని విడిచి ఫోటోలో నిలిచినవానికి జేరునని. ఈ భయము నిరాధారము గాదు. మేనాసు కథ చూచితిమి గదా. కావుననే సన్మానము పైనుండి దిగివచ్చునది గాక, ఆటస్థలమునుండి మొలచునది కావలెను. ప్రతి పాఠశాలలోను, ప్రతి గ్రామపు వ్యాయామశాలలోను ఒక పుస్తక ముండవలెను. అందు ఏ దినమున నెవరు గీతలు గీచిరో, ఎవరు న్యాయనిర్ణేతలుగ నిలిచిరో, ఎవరు బాలికలను చీకటి పడినపుడు ఇండ్లకు చేర్చిరో వ్రాసియుంచవలెను. వ్రాయువారు ఆడుకొను పిల్లలే కావలెను. తాము చూచినదానిని వారు దాచరు. ఎవరి సిఫారసును వారెఱుగరు. సంవత్సరాంతమున నా పుస్తకమును సభలో చదివిన చాలును. ఆటగాండ్ర దుస్తులు ఉదికిన తల్లులను, గ్రామపారిశుద్ధ్యపుబని చేయుచునే మైదానమును గూడ నూడ్చు స్త్రీలను ఆ పుస్తకము మఱవకుండవలెను. వారు కూలికి చేసినది కూలియే. కూలికి మించి చేసినది సేవ. ఆ భేదము పిల్లలకు మనకంటె బాగుగ దెలియును. ఐక్యరాజ్యసమితి 1985లో డిసెంబరు 5వ తేదీని స్వచ్ఛందసేవకుల దినముగ నిర్ణయించెను. మనదేశమున ధ్యానచంద్ జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ జాతీయక్రీడాదినము. పుస్తకము చదువుటకు ఈ రెంటిలో నేదైనను తగినదే.

మా పాఠశాలలో నట్టి పుస్తక మొకటి మొదలుపెట్టితిమి. మొదటి పుటలో మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కఱలేదు. ఆనాడు సభలో పిల్లలు దానిని చదివినప్పుడు అతడు ముందు వరుసలో లేడు. వెదకగా మైదానపు మూల, మఱునాటి ఆటకు కఱ్ఱలు పాతుచు గనబడెను. పిల్లలే పోయి చేయిపట్టుకొని తీసికొనివచ్చిరి. కూర్చుండుడని కుర్చీ చూపగా చేతుల మట్టిని పంచెకు తుడుచుకొని, చాలసేపు నిలుచుండియే యుండెను. అప్పుడతని ముఖమును చూచిన తరువాత, సేవకునకు గుర్తింపుతో పనిలేదను మాటను నేను మఱల నెన్నడును పలుకలేదు.